టౌరంగాలో రాత్రి అద్దెల ఇళ్లు, వాటి వెనకున్న చట్టాలు

న్యూజిలాండ్ నగరం టౌరంగాలో రాత్రికి ఇంతని ఇల్లు అద్దెకివ్వడం ఎయిర్‌బీఎన్‌బీతో మొదలైంది కాదు. మౌంట్ మాంగనుయ్ తీరం వెంట జనం ఎన్నో ఏళ్ల కిందటే ‘బ్యాచ్’ అనే చిన్న వేసవి ఇళ్లు కట్టుకున్నారు. క్రిస్మస్ సెలవులకు తాము వాడుకుని, మిగతా రోజుల్లో తెలిసినవాళ్లకు ఇచ్చేవారు. అప్పట్లో మౌంట్ వేరే పురపాలిక. 1988లో హార్బర్ మీద వంతెన వచ్చింది, 1989 సంస్కరణల్లో మౌంట్ టౌరంగాలో కలిసింది.

ఈ అద్దెలకంటూ న్యూజిలాండ్‌లో ప్రత్యేక జాతీయ చట్టం రాలేదు. 1986 నాటి అద్దెదారుల చట్టం తాత్కాలిక బసను తన పరిధిలోంచి తప్పించింది. 1991లో వచ్చిన వనరుల నిర్వహణ చట్టం ఏ వీధిలో ఏ పని సాగాలో తేల్చడాన్ని కౌన్సిళ్ల ప్రణాళికలకు వదిలింది. కాబట్టి ఒక ఇల్లు నివాసమా, వ్యాపార బసా అన్నది ఊరూరా వేరువేరుగా తేలుతూ వచ్చింది. ఆన్‌లైన్ బుకింగులు పెరిగాక ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. క్వీన్స్‌టౌన్ ఏడాదికి 90 రాత్రుల గీత గీసింది. యజమాని అక్కడే ఉండే ఇంటినీ, ఎవరూ ఉండని ఇంటినీ క్రైస్ట్‌చర్చ్ వేరుచేసి చూసింది. ఆక్లాండ్ 2017లో హోటళ్ల మీద వేసిన ప్రత్యేక పన్నును మరుసటి ఏడాది ఇళ్లకూ చాపింది. హోటళ్లవాళ్లు కోర్టుకెక్కారు. 2022లో ఆ పన్ను పోయింది.

క్రైస్ట్‌చర్చ్ చేసిన విభజనే అన్నిటికంటే న్యాయమైనదని నా అభిప్రాయం. తానుంటున్న ఇంట్లో ఒక గది అద్దెకిచ్చే వృద్ధురాలినీ, నాలుగిళ్లు కొని తాళాలపెట్టెలు బిగించిన పెట్టుబడిదారునూ ఒకే గాటన కట్టకూడదు. టౌరంగాకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఇళ్ల కొరత తీవ్రం. నియమాలు తేల్చాల్సిన కౌన్సిల్‌లోనే కలహాలు ముదిరి 2021లో ప్రభుత్వం ఆన్ టోలీ నాయకత్వాన కమిషనర్లను నియమించాల్సి వచ్చింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2024 జూలైలోనే. అలాంటి ఊళ్లో ఏడాదిలో సగంరోజులు ఖాళీగా ఉండే ప్రతి ఇల్లూ ఒక కుటుంబానికి దక్కని గూడే.

ఇక పన్ను సంగతి: 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ బుకింగు వేదికలే 15 శాతం జీఎస్టీ వసూలు చేసి కడుతున్నాయి. జీఎస్టీకి నమోదు కాని యజమానికి బస ధరలో 8.5 శాతం జమ అవుతుంది.

టౌరంగాలో ఇల్లు కొని అద్దెకివ్వాలనుకునే తెలుగువారు ప్రకటన పెట్టకముందే కౌన్సిల్ ప్రణాళిక విభాగాన్నీ, బీమా కంపెనీనీ అడగండి. అపార్ట్‌మెంట్ అయితే యజమానుల సంఘం నియమాలు కూడా చదవండి.