పిత్తాశయ రాళ్ల నొప్పి

పిత్తాశయంలో రాళ్లున్న చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. ఊరికే పడివున్న రాయి నొప్పి పుట్టించదు. అది పిత్తాశయం మెడ దగ్గర అడ్డుపడ్డప్పుడు, దాన్ని తోసేయాలని గోడలోని కండరం పెనుగులాడటంతోనే బాధ మొదలవుతుంది.

కాలేయం కింద ఉండే ఈ సంచిలో 30 నుంచి 50 మిల్లీలీటర్ల పైత్యరసం పడుతుంది. కొవ్వు చిన్నపేగును చేరగానే కోలిసిస్టోకైనిన్ హార్మోను విడుదలవుతుంది, సంచి ముడుచుకుంటుంది, పేగు దగ్గరి కండర వలయం వదులవుతుంది. ఆ వలయాన్ని 1887లో పెరూజియా వైద్య విద్యార్థి రుగ్గెరో ఓడ్డి వివరించాడు. హార్మోనును 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ గుర్తించారు. అంతకు నాలుగేళ్ల ముందే గ్రాహం, కోల్ రంగు మందుతో పిత్తాశయాన్ని ఎక్స్‌రేలో చూపించారు. ఆ పద్ధతితో బాయిడెన్ గుడ్డు పచ్చసొన, మీగడ తినిపించి, సంచి ఎంత ఖాళీ అవుతుందో కొలిచాడు. పరిశోధనల్లో ఇంత రుచికరమైనవి అరుదు.

పైత్యరసంలో ఎక్కువైన కొలెస్ట్రాల్ కండర కణాల పొరల్లోకి చేరి వాటిని మొద్దుబారుస్తుంది. హార్మోను పిలిచినా సంచి సరిగా ముడుచుకోదు, రసం నిలవ ఉండి రాళ్లు కడతాయి. అలా మందగించిన కండరమే రాయి అడ్డుపడినప్పుడు బిగుసుకుంటుంది. విందు భోజనం చేసిన రాత్రి కుడి డొక్కలో మొదలై వీపున రెక్క కిందికి పాకే నొప్పి అదే. చాలామంది గ్యాసని సోడా తాగి ఊరుకుంటారు. ఆ నొప్పి అరగంట నుంచి కొన్ని గంటలు విడవకుండా ఉండి, రాయి వెనక్కి జారితే తగ్గుతుంది. ఆరు గంటలు దాటినా, జ్వరం వచ్చినా పిత్తాశయం వాచిందేమో చూడాలి.

1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుఖ్ తొలిసారి పిత్తాశయాన్ని తీసేశాడు. 1985లో జర్మనీలో మ్యూహె చిన్న రంధ్రాల గుండా చేసిన ఆపరేషన్‌ను 1990లో ఉద్వాడియా బొంబాయికి తెచ్చారు. విశాఖలోనూ ఇప్పుడది మామూలు వ్యవహారం.

రైల్వే ఉద్యోగులపై 1968లో మల్హోత్రా ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బు దక్షిణాదిలో కంటే ఉత్తరాదిలో ఏడు రెట్లు ఎక్కువని తేలింది. నేవీ, ఉక్కు కర్మాగారం, రైల్వే కొలువులతో ఉత్తరాది కుటుంబాలు స్థిరపడ్డ విశాఖలో రోగి సొంతూరు అడగడం వృథా కాదు. పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి వచ్చేవారి కథ వేరు. అక్కడి గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. ఎర్రకణాలు తొందరగా చితికి, బిలిరుబిన్ పెరిగి, చిన్న వయసులోనే నల్లరాళ్లు కడతాయి. సికిల్ సెల్ పోటు కూడా కడుపులోనే రావచ్చు కాబట్టి, స్కానింగ్‌లో రాళ్లు కనబడినంత మాత్రాన నొప్పి వాటిదేనని తేల్చలేం. ఆపరేషన్ అవసరమైతే ముందుగా రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కొలెస్ట్రాల్ రాళ్లలో కొన్నిటిని కరిగించే మాత్రలు ఈ నల్లరాళ్లపై పనిచేయవు.