అంధ ఉద్యోగి, అనూ ఫైలు: 'నైపుణ్య లోపం' వాదనపై పునఃపరిశీలన

దృష్టి లోపం ఉన్నవారి ఉపాధిపై తెలుగులో వచ్చిన వ్యాసాలు ఏవి తిరగేసినా నిర్ధారణ ఒక్కటే: అభ్యర్థులకు నైపుణ్యం చాలదు, శిక్షణ పెంచాలి. ఈ మాట ఎంతగా స్థిరపడిందంటే, దానికి ఆధారం చూపాలన్న పట్టింపు కూడా పోయింది. జిల్లా కార్యాలయాల్లో అంధ ఉద్యోగులతో మాట్లాడాక నాకు బలపడిన అనుమానం వేరు. తప్పు వాళ్ల ముందుకు వచ్చే ఫైలులో ఉంది.

నైపుణ్యవాదుల తర్కం ఇది: 1995 నాటి వికలాంగుల చట్టం అంధులకు ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని నిలిపింది, అయినా పోస్టులు బ్యాక్‌లాగ్‌లో పడుతున్నాయంటే అర్హులు లేరనే. పోస్టులు మిగలడానికి అసలు కారణం సుప్రీంకోర్టు తీర్పులోనే ఉండగా వీరు దాన్ని తెరిచి చూడలేదు. ప్రభుత్వాలు ముందు 'అంధులకు తగినవి' అంటూ కొన్ని పోస్టులు ఏరి, వాటి మీదే శాతం లెక్కకట్టాయి. కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద కట్టాలని నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కేసులో 2013 అక్టోబరు 8న కోర్టు తేల్చింది. పదిహేడేళ్లకు పైగా నడిచిన తప్పుడు లెక్కను అభ్యర్థి చేతగానితనంగా రాయడం పరిశోధన అనిపించుకోదు.

ఉద్యోగం వచ్చాక జరిగేది ఇంకా ముఖ్యం. నేను మాట్లాడిన ఒక జూనియర్ అసిస్టెంట్, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఇంగ్లీషు మెయిళ్లు చకచకా చదువుతాడు, ఎక్సెల్‌లో పట్టికలు కడతాడు. అతని ముందు తెలుగు మెమో తెరిస్తే మాత్రం స్పీకర్లోంచి పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినపడతాయి. ఆ మెమో అనూ అనే పాత తెలుగు ఫాంటులో కొట్టినది. అందులో కంటికి 'క' కనిపిస్తున్నా, ఫైలులో నిల్వ అయ్యేది ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ చెందిన సంకేతమే. తలకట్టు, గుడి, వత్తు ఒక్కోటీ ఒక్కో ముక్క. చూపున్నవారికి ఆ ముక్కలు తెర మీద అతుక్కుని తెలుగవుతాయి. స్క్రీన్ రీడర్‌కు అందేది మాత్రం ఆ సంకేతాలే. బ్రెయిలీ డిస్‌ప్లే పెట్టినా అదే చెత్త వేలికి తగులుతుంది. సంతకం చేసి స్కాన్ చేసిన ప్రొసీడింగ్స్ అయితే ఆ సంకేతాలు కూడా లేని ఉత్త బొమ్మ.

"ఇంగ్లీషు ఫైలైతే నేనే పుటప్ చేస్తాను సార్. తెలుగుదైతే పక్క సీటు మేడమ్ లంచ్ నుంచి వచ్చేదాకా ఆగాలి" అన్నాడతను. ఇలా ఆగీ ఆగీ ఫైలు ఆలస్యమవుతుంది. సూపరింటెండెంట్ సీటు మారుస్తాడు. మనిషి ఫోను దగ్గరికో ఇన్‌వార్డుకో చేరతాడు. ఒకప్పుడు అంధుడంటే కుర్చీలల్లిక, సంగీతం మాస్టారు, టెలిఫోన్ ఆపరేటర్ అనే ఊహ ఉండేది. సెల్‌ఫోన్లొచ్చి ఆపరేటరు బల్లే పోయినా ఆ ఊహ పోలేదు. అనూ ఫైలు దానికి మళ్లీ ప్రాణం పోస్తోంది.

ఇందులో సాంకేతికత కొరత ఏదీ లేదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే ఉంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది, ఈస్పీక్ గొంతుతో తెలుగు చదువుతుంది. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు తీసే ఓసీఆర్ వాడుకోవచ్చు కదా అనేవారు, ఒక్క వత్తు తప్పితే సర్వే నంబరు పక్కనున్న పేరే మారిపోతుందని గమనించాలి. ఇంగ్లీషులోనే నడిచే ప్రైవేటు కంపెనీల్లోనూ అంధులు తక్కువే అన్న అభ్యంతరం ఉంది కానీ, అక్కడి కారణాలు వేరు.

దృష్టి లోపం పేరుతో ఎవరినీ న్యాయ సర్వీసుకు దూరం పెట్టరాదని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు చెప్పింది. రేపు తెలుగు జిల్లాలో అంధ మేజిస్ట్రేటు కూర్చుంటే, వాంగ్మూలం స్కాన్ బొమ్మగా వస్తే, ఆ తీర్పు ఏం కావాలి? పత్రికల డెస్కుల్లో, ప్రచురణ సంస్థల్లో, పాఠ్యపుస్తకాల తయారీలో అంధులు కనిపించకపోవడానికీ ఈ ఫైళ్ల తీరే ఒక కారణం కావచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపమున్నవారు 50 లక్షల పైనే. వారిలో తెలుగువారి ఉపాధి ప్రశ్న ముందుగా ఫాంటు ప్రశ్న అని నా వాదన.

2016 చట్టంలోని 33వ సెక్షన్, వికలాంగులకు తగినవిగా గుర్తించిన పోస్టులను మూడేళ్లకు మించకుండా సమీక్షించాలంటుంది. 2021 జనవరిలో కేంద్రం ప్రకటించిన జాబితా పోస్టుపోస్టుకూ కూర్చోవడం, నడవడం, చూడడం, వినడం వంటి శారీరక అవసరాలు నమోదు చేసింది. ఆ పోస్టులో నడిచే ఫైళ్లు స్క్రీన్ రీడర్‌కు అందుతాయా అని అడిగే గడి అందులో లేదు. తర్వాతి సమీక్షలో ఆ గడి చేర్చాలి. అందులో 'లేదు' అని పడిన ప్రతి ఆఫీసు సెక్షనూ ఫలానా తేదీకల్లా యూనికోడ్‌కు మారాలని ఉత్తర్వులివ్వాలి.