ముద్ర కోసం ఇంటిదారి

బెంగాల్‌లోని లిలువా రైల్వే వర్క్‌షాపు 1900లో మొదలైంది. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి అందులో ఫిట్టరుగా చేరారు. నేనూ అక్కడే రిటైరయ్యాను. మాకు చేతిలో పనితనం ఉంటే చాలింది. అమెరికాలో ఇంజనీరుగా ఉన్న మా అబ్బాయికి పాస్‌పోర్టులో ముద్ర కూడా కావాలి.

అతనిది హెచ్‌-1బి ఉద్యోగ వీసా. అది 1990 చట్టంతో వచ్చింది. మూడేళ్లు, పొడిగిస్తే ఆరు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్లకు 2000లో ఆ హద్దు సడలించారు. అక్కడే ఉండి పనిచేయడానికి పొడిగింపు కాగితం చాలు. ఇండియాకు వస్తే మాత్రం, తిరిగి వెళ్లడానికి గడువున్న వీసా ముద్ర ఉండాలి. ఒకప్పుడు దాన్ని అమెరికాలోనే వేయించుకునేవారు. వేలిముద్రల నిబంధన వచ్చి 2004 జూలైలో ఆ వీలు పోయింది. జనం హెచ్‌-1బికి ఎంపిక చేసే లాటరీ గురించే మాట్లాడతారు గానీ, నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటినుంచి మన పిల్లల సెలవులన్నీ కాన్సులేటు తేదీలకు ముడిపడ్డాయి. 2024 జనవరి చివర్లో ప్రయోగంగా 20,000 మందికి ఆ వీలు మళ్లీ ఇచ్చారు. కొన్ని వారాలే.

2025 సెప్టెంబరులో చాలామందికి కాన్సులేటులో వీసా ఇంటర్వ్యూ మినహాయింపు తీసేశారు. అదే నెల 19న హెచ్‌-1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. రెన్యువల్‌కు అది వర్తించదని మర్నాడు వివరణ వచ్చేదాకా మా ఆవిడ అన్నం ముట్టలేదు. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా ఖాతాల తనిఖీ కూడా చేరింది. అబ్బాయి ప్రయాణం మానుకున్నాడు.

పనిచేసే చోటే ముద్ర వేసే పాత పద్ధతిని తిరిగి తేవాలి. అంతవరకు, తల్లిదండ్రులారా, ఎప్పుడొస్తావని పిల్లల్ని తొందరపెట్టకండి.