వేతన బకాయిల వసూలు: చట్టాల చరిత్ర (1859–2025)

వ్యాససంగ్రహం: వలస పాలనలో ఒప్పందం తప్పిన కార్మికుడికి జైలుశిక్ష ఉండేది. వేతనం ఎగవేసిన యజమాని మాత్రం సాధారణ బాకీదారుగానే పరిగణన పొందాడు. ఈ అసమానత ఎలా తగ్గిందో, ఎక్కడ మిగిలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వేతన బకాయి, లేబర్ కోర్టు, రెవెన్యూ రికవరీ, రుజువు భారం.

1. వలస పాలన నాటి స్థితి

1859 నాటి 13వ చట్టం ప్రకారం, ముందస్తు సొమ్ము తీసుకొని పనిచేయని కార్మికుణ్ణి మేజిస్ట్రేటు పిలిపించవచ్చు. పని పూర్తిచేయాలన్న, లేదా సొమ్ము తిరిగి ఇవ్వాలన్న ఉత్తర్వును పాటించకపోతే మూడు నెలల వరకు జైలుశిక్ష పడేది. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు ఉద్దేశించిన ఈ చట్టాన్ని తరువాత ఇతర ప్రాంతాలకూ విస్తరించారు. కూలి అందని పనివాడికి ప్రధానంగా సివిల్ దావాయే దిక్కు. వ్యాజ్యపు ఖర్చు బకాయిని మించినప్పుడు ఆ హక్కు కాగితానికే పరిమితం. ఈ చట్టం రద్దుకు 1925లో శాసనం వచ్చింది.

2. 1936 వేతనాల చెల్లింపు చట్టం

1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషన్ వేతనాల జాప్యాన్ని, జరిమానాలను, కార్మికుల రుణభారాన్ని చర్చించింది. ఆ నేపథ్యంలో వచ్చిన 1936 చట్టం వేతన కాలం నెలకు మించరాదని నిర్దేశించింది. వెయ్యి మందిలోపు కార్మికులున్న సంస్థలు ఆ కాలం ముగిశాక ఏడవ రోజు ముగిసేలోపు, మిగిలినవి పదవ రోజు ముగిసేలోపు చెల్లించాల్సి ఉండేది. 15వ సెక్షన్ కింద ప్రత్యేక అధికారి క్లెయిములను విచారించేవాడు. కార్మికుడి తరఫున కార్మిక సంఘ ప్రతినిధి కూడా దరఖాస్తు చేసే వీలుండేది. అక్రమ కోతకు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే వీలుండేది. అయితే తొలినాళ్లలో ఈ రక్షణ ప్రధానంగా కర్మాగారాలు, రైల్వేలలో నెలకు 200 రూపాయలలోపు వేతనం పొందేవారికే దక్కింది. దరఖాస్తు గడువు ఆరు నెలలే.

3. స్వాతంత్ర్యానంతర పరిణామాలు

కనీస వేతనాల చట్టం (1948) వ్యవసాయ కార్మికులకూ క్లెయిము మార్గం చూపింది. 1956లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరిన 33-సి సెక్షన్ బకాయిని భూమిశిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా రాబట్టే వీలు కల్పించింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి వసూళ్లకు ఆధారం మద్రాసు ప్రభుత్వపు 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం. రైతు నుంచి శిస్తు రాబట్టడానికి పుట్టిన యంత్రాంగం ఈ విధంగా కార్మికుడికీ అక్కరకు వచ్చింది.

ఈ మార్గానికీ హద్దు ఉండేది. ముందే నిర్ధారణ అయిన లేదా యజమాని అంగీకరించిన హక్కు విలువను మాత్రమే లేబర్ కోర్టు 33-సి(2) కింద లెక్కగట్టగలదని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ దినసరి కార్మికుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కే వివాదాస్పదమైతే కార్మికుడు ముందుగా దీర్ఘమైన పారిశ్రామిక వివాద ప్రక్రియను దాటాల్సి వచ్చేది. మరోవైపు, కనీస వేతనం కన్నా తక్కువ చెల్లించి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ అని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో అదే కోర్టు తీర్పునిచ్చింది.

4. వేతనాల కోడ్

2019లో ఆమోదం పొందిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. క్లెయిము గడువును మూడేళ్లకు పెంచింది. బకాయి చెల్లించినట్లు రుజువు చేసే భారాన్ని 59వ సెక్షన్ యజమానిపై ఉంచింది.

ముగింపు

1859 నాటి స్థితితో పోలిస్తే ఇది మౌలికమైన మార్పు. కానీ 59వ సెక్షన్ చెల్లింపు రుజువుకే వర్తిస్తుంది. ఫలానా కార్మికుడు తన వద్ద పనిచేయనేలేదని యజమాని వాదిస్తే, ఉద్యోగ సంబంధాన్ని మొదట కార్మికుడే చూపాలి. అందుకు కావలసిన హాజరు పట్టీ, వేతన రిజిస్టరు యజమాని చేతిలోనే ఉంటాయి. మధ్యవర్తుల ద్వారా పనిలో చేరిన వలస కూలీ విషయంలో పాత అసమానత ఇక్కడే మిగిలి ఉంది.