అప్పలరాజు పేరు కథ

మా హైస్కూలు హాజరుపట్టీలో అప్పలరాజులు నలుగురు. మాస్టారు ఇంటిపేరు కలిపి పిలిచేవారు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కావడంతో ఒకడు పొడుగు అప్పలరాజు, ఇంకొకడు పొట్టి అప్పలరాజు అయ్యారు. అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలసూరి వేరే. ఆడపిల్లల వరసలో అప్పలనర్సమ్మ, అప్పయ్యమ్మ, అప్పలకొండ. సింహాచలం మాత్రం రెండు వరసల్లోనూ ఉండేది. ఆ పేరుకు ఆడా మగా తేడా లేదు.

అన్నిటికీ మూలం మా విశాఖలోని సింహాచలం కొండే, దాని మీది నరసింహస్వామే. గుడిలోని శాసనాల్లో పాతది కులోత్తుంగ చోళుడి కాలానిది, 1098-99 నాటిది. 13వ శతాబ్దంలో గుడిని ఘనంగా కట్టించిన గాంగరాజు పేరే నరసింహదేవుడు; కోణార్క కట్టించిందీ ఆయనే. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి నగలు సమర్పించాడు. రాజులు దేవుడి సంస్కృతం పేరు పెట్టుకుంటే, జనం ఆ దేవుణ్ణే అప్పన్నను చేసుకున్నారు. అప్ప అంటే తండ్రి. అక్క అనే అర్థమూ ఉంది. పక్కన అన్న ఎలాగూ ఉన్నాడు. ఇన్ని చుట్టరికాలున్న మాట కాబట్టే ఆడపిల్లకూ మగపిల్లాడికీ సరిపోయిందని నా ఊహ.

పిల్లల్లేనివాళ్లు గుళ్లో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. బిడ్డ పుడితే స్వామి పేరే. అర్థం, అందం చూసేదేమీ లేదు, మొక్కు తీరాలంతే. అనకాపల్లి నూకాలమ్మ దయవల్ల నూకరాజు, విజయనగరం పైడితల్లి చలవతో పైడిరాజు, మా పక్కనే పెదవాల్తేరు పోలమాంబ పేరిట పోలారావు.

చైనాలో ఇంకో పద్ధతి. అక్కడా మనలాగే ఇంటిపేరు ముందు. పాత కుటుంబాల్లో అసలు పేరులోని ఒక అక్షరం ఆ తరం అన్నదమ్ములందరికీ ఉమ్మడి. మావో జెడాంగ్ తమ్ముళ్లు జెమిన్, జెటాన్. ఆ ‘జె’ వినగానే ఏ తరంవాడో తెలిసిపోతుంది. మన ‘అప్పల’ తాతకూ ఉంటుంది, మనవడికీ ఉంటుంది. తరం తెలియదు, కొండ తెలుస్తుంది.

1933లో విశాఖ హార్బరు తెరిచాక, ఆపైన షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు వచ్చాక పల్లెల్లోని ఈ పేర్లు మస్టరు పుస్తకాల్లోకి ఎక్కాయి. వెటకారమూ వెంటే వచ్చింది. సినిమాలో అమాయకుడు కావాలంటే అప్పలరాజు అని పేరు పెడితే చాలన్నట్టయింది. ఇది ఒట్టి కుళ్లు హాస్యం. గురజాడ అప్పారావు పేరులో ఉన్నదీ ఆ అప్పే. అట్టాడ అప్పలనాయుడు గారు అదే పేరుతో కథలు రాసి పేరు తెచ్చుకున్నారు.

ఇప్పటి పిల్లలకు మూడక్షరాలు దాటిన పేరు బరువు. ‘అప్పల’ ఎక్కడైనా మిగిలితే ఆధార్ కార్డులో పొడి అక్షరంగా మిగులుతోంది.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు అప్పన్న గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, మా మద్దిలపాలెం మీదుగానే సాగుతుంది. మా వీధివాళ్లం మజ్జిగ పోస్తాం. తప్పిపోయినవాళ్ల కోసం మైకులో పిలుపు: “అప్పలనర్సమ్మ గారూ, మీ మనవడు ఆరవ్ ఇక్కడున్నాడు, మజ్జిగ పందిరి దగ్గరికి రండి.” మీ ఇంట్లోనూ పేరు ముందు ‘ఎ’ ఒక్కటే మిగిలి ఉంటే, అది ఏ పేరుదో పెద్దవాళ్లుండగానే అడిగి రాసిపెట్టుకోండి.