కలికం నుండి కంటిచుక్క వరకు: నేత్రౌషధ ప్రయోగ చరిత్ర - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అత్యల్పమైన దానిని గూర్చి తెలుగువారు ‘కలికానికి కూడా లేదు’ అంటారు. కలికం అంటే అరగదీసి కంటికి పెట్టే మందు. కంటికి పట్టే మందు ఎంత స్వల్పమో ఈ నానుడి సూచిస్తుంది. ఆ స్వల్ప పరిమాణాన్ని కంటిలో ఎంతసేపు నిలపగలమన్నది నేత్రవైద్యానికి చిరకాల సమస్య. సుశ్రుతసంహిత, ఆధునిక వైద్యం ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. సుశ్రుతసంహితలో క్రియాకల్పం

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలోని 18వ అధ్యాయం క్రియాకల్పం. తర్పణం, పుటపాకం, సేకం, ఆశ్చ్యోతనం, అంజనం అనే ప్రయోగ పద్ధతులను ఇది వివరిస్తుంది. తర్పణంలో కంటిచుట్టూ మినపపిండి ముద్దతో కట్ట కట్టి, కరిగిన నేతిని రెప్పవెంట్రుకలు మునిగేవరకు పోస్తారు. ఉచ్చారణ కాలాన్ని కొలతగా తీసుకొని స్వస్థునికి 500, కఫరోగంలో 600, పిత్తంలో 800, వాతంలో 1000 లెక్కించేవరకు దానిని నిలపాలి. ఆశ్చ్యోతనం చుక్కల మందు. లేఖనానికి 7 లేక 8, స్నేహనానికి 10, రోపణానికి 12 బిందువులు విధించారు. అంజనాన్ని గుటిక, రసక్రియ, చూర్ణ రూపాలలో శలాకతో పెడతారు. మందు పేరు, మోతాదులతో పాటు అది కంటిని తాకి ఉండే కాలాన్ని కూడా నిర్దేశించడం ఇక్కడ ప్రధానాంశం.

2. రసాయన శాస్త్ర ప్రవేశం

19వ శతాబ్దిలో మూలికల నుండి క్రియాశీల పదార్థాలను వేరుచేయడం సాధ్యమైంది. బెల్లడోనా నుండి అట్రోపిన్ 1830వ దశకంలోను, జబొరాండి ఆకుల నుండి పైలోకార్పిన్ 1875లోను లభించాయి. వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని కనుగొన్నాడు. ఆ పరిశోధనను 1884 సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్ నేత్రవైద్య సభలో ప్రదర్శించారు. కోలర్‌కు ప్రయాణ ఖర్చులు లేకపోవడంతో అతని తరఫున వేరొక వైద్యుడు పత్రం చదివాడు. అంతటితో చుక్కమందు శస్త్రచికిత్సకు కూడా ఆధారమైంది.

3. చుక్క ప్రయాణం

సీసా నుండి పడే చుక్క సాధారణంగా 30 నుండి 50 మైక్రోలీటర్లు. కంటిలో సహజంగా ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లే. కనురెప్పల మధ్య 30 మైక్రోలీటర్లకు మించి నిలవడం కష్టం. మిగిలినది చెంపపై జారిపోతుంది, లేదా కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగుతుంది. చుక్క వేసిన కొద్దిసేపటికి గొంతులో చేదు తెలియడానికి కారణం ఇదే. కార్నియా పైపొర కొవ్వులో కరిగే పదార్థాలను, దాని కింది పొర నీటిలో కరిగే వాటిని సులభంగా పోనిస్తాయి. రెండు గుణాలూ ఉన్న మందే లోపలికి చేరగలదు. అందువల్ల చుక్కలోని మందులో సాధారణంగా 5 శాతానికి లోపే కంటి లోపలికి చేరుతుంది.

ముక్కులోకి జారిన మందు రక్తంలో కలుస్తుంది. నీటికాసుల వ్యాధికి వాడే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కావడానికి ఇదే కారణం.

4. కాలాన్ని పొడిగించే యత్నాలు

లేపనాలు, జెలటిన్ బిళ్లలు మందును కంటిలో ఎక్కువసేపు నిలపడానికి పుట్టినవే. 1974లో అమెరికాలో ఆమోదం పొందిన ఆక్యుసర్ట్ రెప్పలోపల ఇమిడి, వారంపాటు పైలోకార్పిన్‌ను విడుదల చేసింది. కంటి వెనుకభాగానికి చుక్క చాలదు కనుక కంటిలోపలికే సూదిమందు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. 2006లో ఆమోదం పొందిన రానిబిజుమాబ్ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ముగింపు

తర్పణంలోని లెక్క, ఆక్యుసర్ట్‌లోని వారం ఒకే సమస్యకు సంబంధించినవి. అంతమాత్రాన ప్రాచీనులకు శోషణ సిద్ధాంతం తెలుసునని చెప్పరాదు. వారి లెక్కకు ఆధారం దోష సిద్ధాంతం. నేటి లెక్కకు ఆధారం ప్రయోగశాలలోని కొలత. సూక్ష్మజీవరహితత్వం అనే నియమం కూడా ఆధునికమే. కనుక పాత యోగాలను ఇంట్లో తయారుచేసి కంటిలో వేయడానికి ఈ పోలిక సమర్థన కాజాలదు. అయితే మందు నిలిచే కాలం మందంత ముఖ్యమన్న గ్రహింపు మాత్రం ఇప్పటికీ ప్రయోజనకరమే. ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కుపక్కన కంటి మూలను రెండు మూడు నిమిషాలు అదిమిపట్టడం, రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగడం ఆ గ్రహింపునకు నేటి ఆచరణ. జీవితాంతం చుక్కలు వాడవలసిన నీటికాసుల రోగికి చూపు నిలవడం ఈ చిన్న జాగ్రత్తపై కూడా ఆధారపడి ఉంటుంది.