గద్దర్ గొంతులో యాదగిరి
మన పాటల చరిత్ర – 9వ భాగం



మొన్న డిగ్రీ పిల్లల్ని 'బండెనక బండి కట్టి' పాట ఎవరిదని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "గద్దర్" అంది. నాకు కోపం రాలేదు. పీహెచ్‌డీలో చేరేదాకా నేనూ అదే చెప్పేవాణ్ణి. మైలవరం దగ్గర మా పేటలో ఏప్రిల్ 14న మైకు కట్టగానే ముందు మోగేది గద్దర్ గొంతే మరి.

ఆ పాట కట్టింది బండి యాదగిరి. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాట అది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమా తీశాడు. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. 1980 మార్చిలో విడుదలైంది. అందులో గద్దర్ తెరమీద కనిపించి ఈ పాట పాడాడు. అప్పటినుంచి జనం నోట అది గద్దర్ పాట అయిపోయింది.

ఇది అవతలి జిల్లా కథ అనుకోకండి. అప్పట్లో మన జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యమే. చుట్టూ నిజాం ఊళ్లున్నా మునగాల పరగణా మాత్రం మన నందిగామ తాలూకా కిందే ఉండేది. 1959లో దాన్ని నల్గొండలో కలిపారు. నిజాం పోలీసులు తరిమితే కార్యకర్తలు తలదాచుకుంది మన సరిహద్దు పల్లెల్లోనే.

ఇలాంటిదే అమెరికా నల్లజాతి పాటల్లోనూ జరిగింది. 1965లో ఓటిస్ రెడింగ్ 'రెస్పెక్ట్' అనే పాట రాసి పాడాడు. పని చేసి ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట అది. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దాన్నే ఆడమనిషి గొంతుతో, గౌరవం నా హక్కు అన్నట్టు పాడింది. అక్షరం అక్షరం విడగొట్టి పలికిన ముక్క ఆమె చేర్చిందే. నల్లవాళ్ల ఉద్యమానికీ ఆడవాళ్ల ఉద్యమానికీ అది జెండా పాటయింది. ఇప్పుడు లోకానికి అది అరీతా పాట. అయితే అక్కడి రేడియోలో పాట వేస్తే డబ్బు రాసినవాళ్ల వైపుకే పోతుంది, పాడినవాళ్లకు రాదు. పేరు అరీతాకు, పైసలు ఓటిస్ పక్షానికి. రాసినవాడి హక్కు కాగితం మీద మిగిలింది.

మన దగ్గర ఆ కాగితమే లేదు.

అన్నమయ్య పదం చివర వేంకటేశుడు వస్తాడు. త్యాగరాజ కీర్తన చివర త్యాగరాజు పేరే ఉంటుంది. దాన్ని ముద్ర అంటారు. పాట ఎంతమంది నోట తిరిగినా కట్టినవాడు కనిపిస్తాడు. నాట్లేసేవాళ్లు, బండి తోలేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు కట్టిన పాటలో ముద్ర ఉండదు. ముద్ర లేని పాటకు మన పండితులు 'జానపదం' అని పేరు పెట్టి, కర్త లేడని తేల్చేశారు. కర్త లేడనడానికీ కర్తను అడగలేదనడానికీ చాలా తేడా ఉంది.

గద్దర్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన మనిషి, ఆ పాటను మోసుకొచ్చి మన తరం చేతిలో పెట్టాడు. 1985లో కారంచేడులో మనవాళ్లను చంపితే పాట కట్టి ఊరూరా పాడాడు. ఆయన పాడకపోతే యాదగిరి పేరు వెతికే అవసరమే మనకు వచ్చేది కాదు. పాడినవాడికి దండం పెడుతూనే కట్టినవాడి పేరు చెప్పమంటున్నాను.

తప్పు నాదీ ఉంది. మా నాయనమ్మ నాట్లలో పాడే పాటను నా థీసిస్‌లో వేశాను. అందులో ఆసామి కొలత మానికను ఎగతాళి చేసే రెండు చరణాలు ఆమె సొంతంగా కట్టినవి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కింద 'కర్త: అజ్ఞాతం' అని టైపు చేయించాను. అందరూ అలాగే రాస్తారు కదా అనుకున్నాను. డాక్టరేటు వచ్చింది. నాయనమ్మ పోయాక ఒకరోజు ఆ పేజీ తిరగేస్తే తల ఎత్తలేకపోయాను. నా కాపీలో ఆ మాట కొట్టేసి, ఇంటిపేరుతో సహా ఆమె పేరు పెన్నుతో రాశాను. యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న కాపీలో ఆమె ఇంకా అజ్ఞాతమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ పేటలో పెద్దవాళ్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. పాట మొదలయ్యేలోపు ఒక్క మాట అడగండి: "అమ్మమ్మా, ఇది ఎవరు కట్టారు?" చెప్పిన పేరు ముందు రాసుకోండి. పాట తర్వాత.

వచ్చే భాగంలో సుద్దాల హనుమంతు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.